ఇంట్లో కూర్చోవడమా, నోటా నొక్కడమా?

అభ్యర్థులెవరూ నచ్చలేదనుకుందాం. పోలింగ్ రోజు సెలవు కదా అని ఇంట్లోనే ఉండిపోతే ఎండ, వరుస రెండూ తప్పుతాయి. కానీ మీది కోపమో బద్ధకమో ఎవరికీ తెలియదు. బూత్‌లోని ఓటర్ల రిజిస్టర్‌లో మీ సంతకం ఉండదు, అంతే.

నోటాకు, అంటే ‘పైవారెవరూ వద్దు’ అని చెప్పే ఓటుకు, బూత్ దాకా నడవాలి. వేలికి సిరా, యంత్రంపై చివరి మీట, ఏది నొక్కారో చూపిస్తూ 7 సెకన్లు కనిపించే చీటీ. 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో ఇది వచ్చింది. అంతకుముందు ఎవరికీ ఓటు వేయనని బూత్ అధికారికి చెప్పి సంతకం చేయాల్సి వచ్చేది. ఇక రహస్యమెక్కడ?

అయితే నోటాకు పళ్లు లేవు. 2024లో ఇందౌర్‌లో 2 లక్షలకు పైగా నోటా ఓట్లు పడ్డాయి, అయినా గెలవాల్సిన అభ్యర్థి గెలిచాడు. కాకపోతే ఆ అసంతృప్తి లెక్కకెక్కింది. ఇంట్లో ఉన్నవారిది ఎక్కడా ఎక్కలేదు.

నా మొగ్గు నోటా వైపే, అదీ అభ్యర్థుల అఫిడవిట్లు చదివాకే. ఆస్తులు, అప్పులు, కేసులు అన్నీ ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఉంటాయి. చదివితే ఒకరైనా నచ్చవచ్చు. అప్పుడు మీ ఒక్క ఓటే ఫలితం తేల్చవచ్చు: 2008 అసెంబ్లీ ఎన్నికల్లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో కాంగ్రెస్ నేత సి.పి. జోషి ఒక్క ఓటుతో ఓడిపోయారు.