విశాఖ బీచ్ రోడ్డు మీద సీ వ్యూ ఫ్లాట్: పన్నెండేళ్లు ఉన్నాక రాస్తున్నా

ఫ్లాట్ చూపించేవాళ్లు మిమ్మల్ని ఎప్పుడూ సాయంత్రం ఐదింటికే తీసుకెళ్తారు. 2013లో మమ్మల్నీ అలాగే తీసుకెళ్లారు. పాండురంగాపురం దగ్గర తొమ్మిదో అంతస్తు, బాల్కనీ తలుపు తీయగానే జోరుగా గాలి, ఎదురుగా సముద్రం, దూరంగా పోర్టులో చోటు కోసం లంగరేసుకుని ఉన్న ఓడలు. మా ఆవిడ ఏమీ మాట్లాడకుండా రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది. ఇక బేరం ఆడినట్టే అనుకున్నాను.

పొద్దున ఎనిమిదింటికి వెళ్లి చూడాల్సింది. మన సముద్రం తూర్పున ఉంది, అంటే సూర్యుడు నేరుగా హాల్లోకే వస్తాడు, నీళ్ల మీద పడిన వెలుగు కూడా తిరిగి కళ్లలోకే కొడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మా ఇంట్లో ఏడున్నరకల్లా కర్టెన్లు వేసేస్తాం, మళ్లీ తీసేది మధ్యాహ్నం దాటాకే. సముద్రం కనిపించాలని అంత డబ్బు పోసి, సగం రోజు దానికి కర్టెన్ కప్పి కూర్చోవడం! మా బావమరిది వచ్చినప్పుడల్లా ఇదే జోకు.

ఇక ఉప్పు. దీని గురించి ఎంత రాసినా తక్కువే. హాల్లో ఏసీకి ఇది నాలుగో అవుట్‌డోర్ యూనిట్. మెకానిక్ వచ్చి విప్పి చూస్తాడు, "కాయిల్ తినేసింది సార్" అంటాడు, ఎవరు తిన్నారో నేను అడగను, అతనూ చెప్పడు. బాల్కనీ రెయిలింగ్ స్టెయిన్‌లెస్ స్టీల్ అన్నారు, రెండేళ్లు తిరక్కుండానే టీ మరకల్లాంటి మచ్చలు. తర్వాత తెలిసింది, మామూలుగా వాడే 304 రకం స్టీలు ఈ గాలికి ఆగదట, సముద్రం పక్కన 316 వేయాలట. ఈ ముక్క కొనేటప్పుడు ఎవరూ చెప్పలేదు, నాకూ అడగాలని తెలియదు. కిటికీ గ్రిల్స్‌కి ఏడాదిన్నరకోసారి పెయింటు, తలుపు బందులకి నూనె, టీవీ వెనక సాకెట్లలో పచ్చటి చిలుము. దేవుడి దగ్గర ఇత్తడి కుందులు చింతపండుతో తోమి తోమి మా అత్తగారి వేళ్లు అరిగిపోయాయి. వేయించిన అప్పడం పళ్లెంలో పెట్టి ఫోన్ మాట్లాడి వచ్చేసరికి మెత్తబడుతుంది. ఇల్లు తుడిచే అమ్మాయి అయితే మొదట్లో తననే తిట్టుకునేది: "ఇప్పుడే తుడిసినాను కదా బాబూ, మళ్లీ జిగురైపోనాది." ఇప్పుడు అలవాటైపోయింది, సముద్రాన్ని తిడుతుంది.

మా చెల్లెలు వాళ్లు మా తర్వాత ఏడాదికి కిర్లంపూడి లేఅవుట్‌లో లోపలికి, రెండు వీధులు వెనక కొనుక్కున్నారు. వాళ్ల ఏసీ ఇప్పటికీ మొదటిదే. మధ్యలో ఉన్న బిల్డింగులు ఉప్పు గాలిని చాలావరకు ఆపేస్తున్నాయి, ఆ ముందు బిల్డింగుల్లో ఒకటి మాది.

హుద్‌హుద్ తుపాను సంగతి చెప్పకుండా విశాఖలో ఇంటి గురించి రాయలేం. 2014 అక్టోబర్ 12, ఆదివారం. మేం దిగి ఇంకా ఏడాది కాలేదు. బాల్కనీ స్లైడింగ్ తలుపు లోపలికి ఉబ్బడం కళ్లారా చూశాను, అద్దం అలా వంగుతుందని అప్పటిదాకా తెలియదు. అందరం కారిడార్‌లో లిఫ్ట్ పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాం, అక్కడే ఎదురింటివాళ్ల పేర్లు మొదటిసారి తెలిశాయి. మధ్యలో కాసేపు గాలి ఆగింది. అయిపోయిందనుకుని ఒకాయన లోపలికి వెళ్లబోతే, నేవీలో పనిచేసి రిటైరైన పెద్దాయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు: "ఇది తుపాను కన్ను బాబూ, ఇంకో సగం ఉంది." నిజమే, ఈసారి గాలి ఇంకో వైపు నుంచి మొదలైంది. మా హాలు అద్దం అప్పుడే పోయింది. తర్వాత చాలా రోజులు కరెంటు లేదు, జనరేటర్ డీజిల్ అయిపోయింది, తొమ్మిది అంతస్తులు బకెట్లతో నీళ్లు మోశాం. లగ్జరీ అనే మాట ఆ వారం మా బిల్డింగ్‌లో ఎవరూ పలకలేదు.

క్లబ్‌హౌస్, జిమ్, స్విమ్మింగ్ పూల్ గురించి అడుగుతారు కాబట్టి: పూల్ రెండు వేసవులు వాడాం, ట్రెడ్‌మిల్ తుప్పు పట్టింది, హోమ్ థియేటర్ గది ఇప్పుడు అసోసియేషన్ వాళ్ల పాత కుర్చీల స్టోర్ రూమ్. మెయింటెనెన్స్ చదరపు అడుక్కి రెండున్నర రూపాయలతో మొదలై ఇప్పుడు ఆరుకి చేరింది, బయటి గోడల పెయింటుకి వేరే వసూలు. ఎదురుగా అన్ని నీళ్లున్నా మా బోరు ఉప్పు, ఎండాకాలం ట్యాంకర్ కోసం వాచ్‌మన్‌ని బతిమాలుకుంటాం.

చుట్టుపక్కల సంగతికి మాత్రం మార్కులు కోయలేను. పొద్దున్నే బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు కదా, ఆ కాసేపట్లో రోడ్డంతా మనదే: కుర్సురా సబ్‌మెరైన్ మ్యూజియం దాకా నడక, దారిలో తెలిసిన మొహాలు, మోకాళ్ల నొప్పుల ముచ్చట్లు, ఇడ్లీ. ఫిషింగ్ హార్బర్ దగ్గరే, వంజరం ముక్క ఫ్రిజ్ ఎక్కకుండానే పొయ్యి ఎక్కుతుంది. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ ఫ్లీట్ రివ్యూకి, అంటే దేశదేశాల యుద్ధనౌకల ప్రదర్శనకి, వచ్చిన నౌకల్ని కాఫీ తాగుతూ బాల్కనీ నుంచి చూశాం, ఆ రోజు ఇంట్లో ఇరవై రెండు మంది చుట్టాలు. అంతమంది కాకపోయినా నేవీ విన్యాసాలు ఉన్నప్పుడల్లా అంతే, రోడ్లు మూసేస్తారు, వచ్చినవాళ్లు వెళ్లలేరు, అన్నం మళ్లీ వండాలి. శివరాత్రి జాగరం తెల్లవారాక సముద్ర స్నానాలకి వచ్చే జనం, డిసెంబర్ 31 రాత్రి మోత, ఆదివారం సాయంత్రం మా గేటుకి అడ్డంగా పెట్టిన బళ్లు, ఇవన్నీ కూడా ఆ రేటులో భాగమే.

ఐదుకి మూడు ఇస్తాను. మళ్లీ కొనాల్సి వస్తే చెల్లెలి వీధిలోనే కొంటాను, బీచ్‌కి ఐదు నిమిషాలు నడిచి వెళ్తాను. బ్రోకర్లు ఇప్పుడు రుషికొండ, భీమిలి రోడ్డు చూపించి భోగాపురం ఎయిర్‌పోర్టు వస్తోందంటారు, అక్కడా సముద్రం అదే, ఉప్పూ అదే. కొనే ముందు ఆ బిల్డింగ్‌లో ఐదేళ్లుగా ఉంటున్నవాళ్ల బాల్కనీకి వెళ్లి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ కింద వేలితో గీకి చూడండి. పొరలు పొరలుగా రాలితే ఏటా ఎంత తీసి పక్కన పెట్టాలో అర్థమవుతుంది.

పోయిన నెల అమ్మేద్దామని నేనే అన్నాను. మా ఆవిడ రాత్రి భోజనాలయ్యాక బాల్కనీలో కుర్చీ వేసుకుని ఓడల దీపాలు లెక్కపెడుతోంది. "ఈరోజు పద్నాలుగు" అంది. నా మాట విన్నట్టే లేదు. ఏసీ మెకానిక్ గురువారం వస్తానన్నాడు.