బిరుదు వదులుకున్న ఇద్దరు: టోనీ బెన్, అలెక్ డగ్లస్-హ్యూమ్

1963లో బ్రిటన్‌లో వంశపారంపర్య బిరుదులు వదులుకునే హక్కు కల్పిస్తూ చట్టం వచ్చింది. దాన్ని వాడుకున్న వాళ్లలో ఈ ఇద్దరి దారులు పూర్తిగా వేరు.

టోనీ బెన్ లేబర్ పార్టీ మనిషి. 1960లో తండ్రి చనిపోగానే, అడగకుండానే లార్డ్ అయిపోయారు. (ఆ తండ్రే 1929-31 మధ్య భారత వ్యవహారాల మంత్రి.) లార్డ్ అంటే పార్లమెంటు ఎగువ సభ అయిన లార్డ్స్ సభ సభ్యుడు కాబట్టి, జనం ఎన్నుకునే దిగువ సభ కామన్స్‌లో సీటు పోయింది. 1961 ఉప ఎన్నికలో బ్రిస్టల్ జనం మళ్లీ ఆయన్నే గెలిపించినా, కోర్టు ఓడిపోయిన అభ్యర్థికి సీటు ఇచ్చింది. ఓటర్ల మాటకు విలువ లేకుండా చేసిన ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బెన్ ఊరుకోలేదు, చట్టం మారేదాకా పోరాడారు. 1963 జులై 31న అది అమల్లోకి రాగానే అందరికంటే ముందు బిరుదు వదిలేశారు.

కన్సర్వేటివ్ నాయకుడు హ్యూమ్, వంశపారంపర్యంగా వచ్చే ‘ఎర్ల్’ బిరుదు పొందిన 14వ వ్యక్తి, అంటే ఆయన కూడా లార్డే. ఆయన ఆ చట్టం కోసం పోరాడలేదు, కానీ పెద్ద లాభం ఆయనకే దక్కింది. అక్టోబరులో ప్రధాని అయ్యాక, కామన్స్‌లోకి రావడానికి బిరుదు వదులుకుని, నవంబరులో స్కాట్లాండ్ ఉప ఎన్నికలో గెలిచారు. మధ్యలో రెండు వారాలు ప్రధాని ఏ సభలోనూ సభ్యుడు కాదు! ఏడాదికే పదవి పోయింది.

హ్యూమ్ మర్యాదస్తుడు, ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడిన ఏకైక బ్రిటిష్ ప్రధాని. అయినా నా గౌరవం బెన్‌కే ఎక్కువ. హ్యూమ్ 1974లో జీవితకాల లార్డ్‌గా (వారసులకు దక్కని బిరుదుతో) మళ్లీ లార్డ్స్ సభకే వెళ్లారు. బెన్ మాత్రం 2001లో కామన్స్ వదిలాక కూడా అటువైపు వెళ్లలేదు.