యువ సంగీతకారులకు వృత్తి పాఠాలు: ఒక ఆన్‌లైన్ కోర్సుపై సమీక్ష

సంగీతాన్నే వృత్తిగా చేసుకోదలచిన యువతకోసం రూపొందించిన ఈ ఎనిమిది వారాల కోర్సును ఇటీవలే పూర్తి చేశాను. పాడటం, వాయించడం ఇందులో నేర్పరు. పాట తయారయ్యాక దాని మీద హక్కులు ఎవరివి, డబ్బు ఏ దారిన వస్తుంది, సంతకం పెట్టే ముందు ఏమేమి చూసుకోవాలి అన్నవే ఇక్కడి పాఠాలు.

మూడో వారం ఒక్కదానికోసమైనా ఈ కోర్సులో చేరవచ్చు. సాహిత్యం, బాణీ కలిసిన రచన మీద ఒక హక్కు, దానిని పాడి రికార్డు చేయగా వచ్చిన మూల రికార్డింగు, అంటే మాస్టర్ మీద మరొక హక్కు ఉంటాయని, ఈ రెండింటి రాయల్టీలు వేర్వేరు చేతుల మీదుగా వస్తాయని బోధకురాలు ఓపికగా వివరించారు. ఆ తరువాత నలుగురు సభ్యుల బృందం రాసుకున్న వాటాల పత్రాన్ని తెర మీద పెట్టి, పాట పేరు, రచయిత పేరు, ఎవరి వంతు ఎంత, సంతకం, తేదీ అంటూ గడి గడినీ మాచేత చదివించారు. పల్లవికి బాణీ కట్టిన అమ్మాయి పేరు పక్కన వాటా గడి ఖాళీగా ఉంది. రికార్డింగ్ అయ్యాక చూసుకుందామని వదిలేశారట. డబ్బు కనబడ్డాక ఎవరి జ్ఞాపకం వారివైపే మొగ్గుతుంది కనుక, అందరూ సఖ్యంగా ఉన్న రోజునే ఆ పత్రం రాసుకోవాలని ఆవిడ గట్టిగా చెప్పారు.

ఐఎస్‌ఆర్‌సీ పాఠం నాకు కొంత ఆలస్యంగా అందింది. అక్షరాలు, అంకెలు కలిపి 12 ఉండే ఈ సంకేతం ప్రతి రికార్డింగుకూ గుర్తింపు. రెండేళ్ల కిందట నేను, పాటలను ఆన్‌లైన్ వేదికలకు చేర్చే పంపిణీ సంస్థను మార్చినప్పుడు నా పాత పాటకు కొత్త సంకేతం ఇచ్చారు. పాతదే కొనసాగించమని అడగవచ్చని తెలియక ఊరుకున్నాను. అప్పటిదాకా పోగైన వినికిడుల లెక్క సున్నా నుంచి మళ్లీ మొదలైంది.

మ్యూజిక్ సంస్థ ముందుగా ఇచ్చే అడ్వాన్సు బహుమానం కాదని, రాబోయే రాయల్టీల నుంచి సంస్థ తిరిగి రాబట్టుకునే సొమ్మని నమూనా ఒప్పందంతో లెక్కవేసి చూపించడం కూడా మెచ్చుకోదగినది.

ప్రచారం గురించిన రెండు వారాలు మాత్రం నిరాశపరిచాయి. గడచిన 12 నెలల్లో కనీసం 1000 సార్లయినా వినబడని పాటకు స్పాటిఫై 2024 నుంచి రికార్డింగ్ రాయల్టీ చెల్లించడం లేదు. కొత్తవారికి ముందుగా తెలియవలసిన ఈ సంగతి ఆ పాఠాల్లో ఎక్కడా లేదు. కచేరీల ఒప్పందాలనూ పైపైనే ముగించారు.

విడుదలకు సిద్ధంగా ఒక్క పాటైనా చేతిలో ఉన్నవారికి ఈ కోర్సును నిస్సంకోచంగా సూచిస్తాను. ఇంకా సాధన దశలోనే ఉన్నవారు కొంతకాలం ఆగవచ్చు. కోర్సు ముగిసిన వారంలోనే నేనూ, నాతో కీబోర్డు వాయించే మిత్రుడూ కూర్చుని మా మూడు పాత పాటలకు వాటాల పత్రాలు రాయడం మొదలుపెట్టాం. రెండింటి మీద సంతకాలు అయ్యాయి, మూడో పాట చరణం బాణీ ఎవరిదన్నది ఇంకా తేలలేదు.