జాగ్రత్త: సగం ధరకు వచ్చిందని పాత ఐపీఏ కొనకండి, కొన్నా దానికి స్టార్లు ఇవ్వకండి

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ముఖ్యంగా ఈ హెచ్చరిక. క్లియరెన్స్ చీటీ అంటించి సగం ధరకు పెట్టిన ఐపీఏ (ఇండియా పేల్ ఏల్, హాప్స్ అనే పువ్వులు ఎక్కువ వేసి చేసే చేదు బీరు) క్యాన్లు కనిపిస్తే, బుట్టలో వేసుకునే ముందు ఒక క్యాన్‌ను తలకిందులు చేసి అడుగున ఏం ముద్రించారో చూడండి. బీరు మీద తేదీ వేసి తీరాలని అక్కడి ఫెడరల్ చట్టం చెప్పదు. అందుకే కొందరు తేదీ సూటిగా వేస్తారు, కొందరు అంకెల్లో దాచేస్తారు. 24135 అని ఉంటే చాలా చోట్ల 2024లో 135వ రోజున, అంటే మే 14న నింపారని అర్థం. కంపెనీని బట్టి ఈ లెక్క మారుతుంది, వాళ్ల సైట్‌లో సరిచూసుకోండి. ఉత్త తేదీ ఒక్కటే ఉంటే అది నింపిన రోజా, గడువు రోజా అన్నదీ తేల్చుకోవాలి. చాలామంది మోసపోయేది ఇక్కడే.

పాతబడ్డ బీరు ఆరోగ్యానికి ప్రమాదం కాదు. ఆల్కహాలు, హాప్స్, ఆమ్లగుణం కలిసి రోగకారక క్రిములను పెరగనివ్వవు. పోయేది రుచి. నింపేటప్పుడు లోపల చిక్కుకున్న కాస్త ఆక్సిజనే దానికి చాలు. ముందు హాప్స్ సువాసన తగ్గుతుంది. మామిడి, నారింజ తొక్క వాసన రావాల్సిన చోట తేనె, కాల్చిన చక్కెర వాసన వస్తుంది. చేదు పదును పోయి నాలుక మీద మొండిగా మిగులుతుంది. లాగర్లలో, అంటే మామూలు లేత రంగు బీర్లలో, తడిసిన అట్టపెట్టె వాసన తేలుతుంది. దానికి కారణమైన ట్రాన్స్-2-నోనెనాల్ లీటరుకు మైక్రోగ్రాములో పదో వంతు ఉన్నా ముక్కుకు తెలిసిపోతుంది. మబ్బుగా ఉండే హేజీ ఐపీఏ అయితే గ్లాసులో పోయగానే దొరికిపోతుంది: పసుపు రంగు పోయి బూడిదో గోధుమో కలిసినట్టు కనిపిస్తుంది.

తేదీ ఒక్కటే చూస్తే చాలదు, ఎక్కడ పెట్టారన్నదీ చూడాలి. బీరు తయారుచేసేవాళ్లు 3-30-300 అని ఒక మోటు లెక్క చెబుతారు. 32 డిగ్రీల సెల్సియస్‌లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు ఉంచితే బీరు దాదాపు ఒకేలా పాతబడుతుంది. మన దగ్గర సీసాల మీద సాధారణంగా తయారీ నుంచి 6 నెలల గడువు ఉంటుంది. కానీ తెలంగాణలోనో కోస్తాలోనో మే నెల ఎండలో రేకుల షెడ్డు కింద రెండు వారాలు మగ్గిన పెట్టె, గడువు లోపలే ఉన్నా తాజాది కాదు. ఫ్రిజ్‌లోంచి తీసిచ్చారని నమ్మకండి, ఆ ఫ్రిజ్‌లోకి నిన్ననే చేరి ఉండొచ్చు.

పచ్చ సీసా, తెల్ల సీసాల్లో వచ్చే ఘాటైన స్కంక్ (కంపు చిమ్మే ఒక జంతువు) కంపు మాత్రం వేరే సంగతి. అది వయసు వల్ల కాదు, వెలుతురు వల్ల. ఎండలో కొద్ది నిమిషాలు చాలు.

ఇక బీరు యాప్‌లలో, సైట్లలో ఇచ్చే రేటింగ్ మాట. గడువు దాటిన బీరుకు తక్కువ స్టార్లు ఇవ్వడం అన్యాయం. దుకాణం నిర్లక్ష్యానికి తయారుచేసినవాడు మాట పడతాడు. తాగిన సంగతి రాయాలనుకుంటే తేదీతో సహా రాయండి, స్టార్లు మాత్రం ఖాళీగా వదిలేయండి. కానీ గడువు లోపలే అట్ట వాసన వస్తే జంకక్కర్లేదు. ముందు ఇంకో చోట కొన్న క్యాన్‌తో పోల్చి, అదీ అలాగే ఉంటే తక్కువే ఇవ్వండి. హేజీ ఐపీఏకి ఏడాది గడువు వేసుకున్న కంపెనీ 9వ నెలలో తాగినవాడి మార్కులకు కట్టుబడాల్సిందే, ఆ తేదీ వాళ్లే వేసుకున్నారు కదా. అసలు తేదీయే వేయకపోతే తప్పు పూర్తిగా వాళ్లదే. అమెరికాలోని స్టోన్ అనే బీరు కంపెనీ ‘ఎంజాయ్ బై’ ఐపీఏకి తాగాల్సిన ఆఖరి తేదీనే పేరులో పెట్టింది. తలుచుకుంటే ఇంత స్పష్టంగా చెప్పొచ్చు.

ఈ లెక్క పట్టని బీర్లూ ఉన్నాయి. బెల్జియం ఆర్వాల్ సీసా మీద నింపిన తేదీ, దానికి ఐదేళ్ల తర్వాతి గడువు రెండూ ఉంటాయి. లోపలున్న బ్రెట్టనోమైసిస్ ఈస్ట్ నెలల తరబడి పనిచేస్తూనే ఉంటుంది, అందుకే ఆరు నెలలప్పటి రుచి వేరు, రెండేళ్లప్పటిది వేరు. గ్యోజ్ (పుల్లటి బెల్జియం బీరు), బార్లీ వైన్ (పేరుకు వైనే గానీ ఆల్కహాలు ఎక్కువున్న బీరు), ఇంపీరియల్ స్టౌట్ (ఘాటైన నల్ల బీరు) కూడా చల్లగా, చీకట్లో ఉంచితే ఏళ్లు నిలుస్తాయి. వీటికి స్టార్లు ఇచ్చేటప్పుడు వయసు ఎంతో కూడా రాయండి.

ఇప్పటికే పాత క్యాన్లు కొనేసి ఉంటే ఒక్కటే తెరవండి. అడుగున ఉన్న తేదీని, బిల్లును ఫొటో తీసి మిగతావి అదే వారంలో దుకాణానికి తీసుకెళ్లండి. మద్యం వాపసు నియమాలు రాష్ట్రానికో తీరుగా ఉంటాయి కాబట్టి ముందు ఫోన్ చేసి కనుక్కోండి. తయారీ కంపెనీకీ ఆ ఫొటో పంపండి, ఏ దుకాణంలో పాత సరుకు పేరుకుందో వాళ్లకు తెలుస్తుంది.