మెంటల్ హెల్త్ కోర్టా, డైవర్షనా: ఏది మేలు?

అమెరికాలో ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు ఈ మధ్య పదే పదే ఇదే అడుగుతున్నారు. ఇరవైల్లో ఉన్న కొడుక్కో కూతురికో బైపోలారో స్కిజోఫ్రీనియానో ఉంటుంది. మందులు మానేసిన ఒక రాత్రి ఎవరి మీదో చెయ్యి చేసుకుంటారు, లేదా పక్కింటి తలుపు పగలగొడతారు. పోలీసులు తీసుకెళ్తారు. తర్వాత లాయరు ఫోన్ చేసి, మెంటల్ హెల్త్ కోర్టుకు (మానసిక జబ్బున్నవాళ్ల కేసులు చూసే ప్రత్యేక కోర్టు) వెళ్దామా, డైవర్షన్ (కేసు పక్కన పెట్టి, వైద్యం పూర్తయితే కొట్టేసే పద్ధతి) అడుగుదామా అంటాడు. రెండూ జైలు తప్పించి వైద్యం చేయించేవే కదా, ఏదైతేనేం అనిపిస్తుంది.

ఏదైనా ఒకటే కాదు. 'నేరం చేశాను' అనే మాట కోర్టు రికార్డులోకి వైద్యానికి ముందే ఎక్కుతుందా, అసలు ఎక్కదా? నా లెక్కలో మిగతావన్నీ దీని తర్వాతే.

మెంటల్ హెల్త్ కోర్టు అంటే నాకు గౌరవం ఉంది. 1997లో ఫ్లోరిడాలోని బ్రోవర్డ్ కౌంటీలో జడ్జి జింజర్ లెర్నర్-రెన్ మొదలుపెట్టిన ఈ పద్ధతి ఇప్పుడు దేశమంతటా 300కు పైగా కోర్టులకు పాకింది. అక్కడి వాయిదా మామూలు వాయిదాలా ఉండదు. జడ్జి పేరుపెట్టి పిలుస్తారు. నిద్ర పడుతోందా, కిందటి నెల ఇంజెక్షన్ వేయించుకున్నావా, చేతులు ఇంకా వణుకుతున్నాయా అని అడుగుతారు. పక్కనే కేస్ మేనేజరు ఉంటారు. ప్రాసిక్యూటరు, డిఫెన్స్ లాయరు ముందే మాట్లాడుకుని వస్తారు. గడువు పూర్తయిన రోజు కోర్టు హాలంతా చప్పట్లు కొడుతుంది. ఇంట్లో ఎవరి మాటా వినని పిల్లలు ఆ జడ్జి మాట వినడం మామూలే. ఈ కోర్టులకు వెళ్లినవాళ్లు మళ్లీ అరెస్టయ్యే అవకాశం తగ్గుతుందని శాన్‌ఫ్రాన్సిస్కోలోనూ మరికొన్ని కౌంటీల్లోనూ చేసిన అధ్యయనాలు చూపించాయి.

చిక్కల్లా గుమ్మం దగ్గరే. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ కోర్టులాంటి చాలాచోట్ల ముందు నేరం ఒప్పుకుంటేనే లోపలికి రానిస్తారు. ఏడాదో రెండేళ్లో వైద్యం సక్రమంగా సాగితే కేసు కొట్టేస్తారు, లేదా అభియోగం తగ్గిస్తారు. పౌరసత్వం ఉన్నవాళ్లకు అంతటితో సరిపోవచ్చు. వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు సరిపోదు. నేరం ఒప్పుకుని, దాని మీద జడ్జి ఏదో ఒక శిక్షో ఆంక్షో విధిస్తే ఇమిగ్రేషన్ చట్టం దాన్ని 'కన్విక్షన్'గానే, అంటే నేరం రుజువైనట్టే లెక్కేస్తుంది. వైద్యం పూర్తి చేశాడని తర్వాత కేసు కొట్టేసినా ఆ లెక్క మారదు. నేరం రకాన్ని బట్టి అది దేశం నుంచి పంపించేసే దాకా పోవచ్చు. చప్పట్లు కొట్టించుకుని బయటికొచ్చిన కుర్రాడికి గ్రీన్‌కార్డు రెన్యువల్ దగ్గర ఈ సంగతి తెలియడం కంటే ఘోరం ఉండదు.

అందుకే నా మొగ్గు డైవర్షన్ వైపు. కాలిఫోర్నియా 2018లో తెచ్చిన 1001.36 సెక్షన్ దీనికి మంచి నమూనా. నేరం ఒప్పుకోనక్కర్లేదు. జబ్బు ఉందని నిపుణులు చెప్పాలి, నేరానికి ఆ జబ్బుతో సంబంధం ఉండాలి, వైద్యానికి మనిషి ఒప్పుకోవాలి, బయట ఉంటే జనానికి పెద్ద ప్రమాదం లేదని జడ్జికి నమ్మకం కలగాలి. చిన్న నేరాలకు ఏడాది, పెద్ద నేరాలకు రెండేళ్లు మించకుండా కేసు పక్కన పెడతారు. పూర్తిచేస్తే కొట్టేస్తారు. హత్యలాంటి నేరాలకు ఇది వర్తించదు. మాదకద్రవ్యాల డైవర్షన్‌లోనూ నేరం ఒప్పించే పద్ధతిని అదే రాష్ట్రం 2018 జనవరి నుంచి తీసేసింది. దానికి ప్రధాన కారణం ఈ ఇమిగ్రేషన్ దెబ్బే.

పౌరులకు కూడా ఇదే మేలంటాను. ఈ జబ్బులు తిరగబెడతాయి. మందులు మానేయడం, అపాయింట్‌మెంట్‌కు వెళ్లకపోవడం మొండితనం కాదు, చాలాసార్లు అవి జబ్బు లక్షణాలే. నేరం ముందే ఒప్పుకున్నవాడు అలా తప్పితే ఇక మిగిలేది శిక్షే. ఒప్పుకోనివాడి కేసు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ మొదలవుతుంది. విచారణ హక్కు చేతిలోనే ఉంటుంది.

డైవర్షన్‌కూ లోటుంది. డాక్టరును, ప్రోగ్రామ్‌ను వెతుక్కునే భారం చాలామటుకు లాయరు మీద, కుటుంబం మీద పడుతుంది. అండగా ఎవరూ లేక, ఉండటానికి గది కూడా లేనివాళ్లకు మెంటల్ హెల్త్ కోర్టు ఇచ్చే ఆసరా పెద్దది. అలాంటి పౌరుడైతే నేనూ దాన్నే ఎంచుకోమంటాను. పేర్లు చూసి నిర్ణయించుకోవద్దు కూడా. కొన్ని కౌంటీల మెంటల్ హెల్త్ కోర్టులు నేరం ఒప్పుకోమనవు, కొన్ని డైవర్షన్లు ఒప్పుకోమంటాయి.

ఇక 'మతి స్థిమితం లేదని వాదిస్తే పోలేదా' అని అడిగేవాళ్ల కోసం. ఆ వాదన నెగ్గితే ఇంటికి పంపరు, ఆస్పత్రిలో ఉంచుతారు. దుకాణంలో ఒక జాకెట్ దొంగిలించబోయిన మనిషి కేసులో సుప్రీంకోర్టు 1983లో ఒక మాట తేల్చేసింది: ఆ నేరానికి గరిష్ఠ శిక్ష ఏడాదే అయినా, అంతకు మించి కూడా ఆస్పత్రిలో ఉంచవచ్చు. కాన్సస్, ఐడహో లాంటి రాష్ట్రాల్లో ఆ వాదన పాత రూపంలో లేనే లేదు. విచారణను అర్థం చేసుకునే స్థితిలో ఉన్నాడా లేదా అన్న కాంపిటెన్సీ పరీక్ష మనం ఎంచుకునే దారి కాదు, అనుమానం వస్తే కోర్టు చేయించి తీరాలి.

సంతకానికి ముందు ఇమిగ్రేషన్ లాయరుకు కాగితాలు చూపించండి. నేరం ఒప్పుకుంటే దేశం వదలాల్సి రావచ్చన్న సంగతిని క్రిమినల్ లాయరు చెప్పి తీరాలని 2010లో పడిల్లా కేసులో సుప్రీంకోర్టు అన్నది, కాబట్టి అడగడానికి మొహమాటపడొద్దు. డైవర్షన్ పూర్తయినా అరెస్టు జరిగిన సంగతి ఇమిగ్రేషన్ ఫారాల్లో చెప్పాల్సిందేనని కూడా గుర్తుంచుకోండి. పెళ్లి సంబంధాలు చెడిపోతాయని ఇండియాలో చేయించిన వైద్యాన్ని దాచిన కుటుంబాలకు ఇంకొక మాట: ఆ ప్రిస్క్రిప్షన్లు, డిశ్చార్జి సమ్మరీలు ఇప్పుడే తెప్పించండి. కాలిఫోర్నియాలో గత అయిదేళ్లలో జరిగిన రోగ నిర్ధారణ, వైద్యం కూడా జడ్జి ముందు సాక్ష్యమే.