గర్భిణికి మలేరియా పరీక్ష: స్లైడా, కార్డా?

మన్యం గ్రామాల్లో గర్భిణులకు మలేరియా ఉందో లేదో చూడటానికి రక్తపు స్లైడు (సూక్ష్మదర్శిని కింద చూసే రక్తపు పూత) మేలా, కిట్టులోని కార్డు (రక్తపు చుక్క వేస్తే గీతతో ఫలితం చూపే సత్వర పరీక్ష) మేలా అన్న ప్రశ్న ఆశా కార్యకర్తల నుంచి తరచుగా వస్తోంది. ఆఫ్రికాలో మలేరియా ఎక్కువగా ఉన్న దేశాల్లో పరీక్షతో పని లేకుండానే గర్భిణులకు నివారణ మందు ఇస్తారు. మన దేశంలో ఆ పద్ధతి లేదు కనుక పరీక్ష మీదే ఎక్కువగా ఆధారపడాలి.

నిపుణుడైన టెక్నీషియన్ ఉన్నచోట స్లైడుకు సాటి లేదు. పరాన్నజీవి ఏ జాతిదో, ఎంత ఉందో, మందు వాడాక తగ్గిందో లేదో అది చెబుతుంది. మైక్రోలీటరు రక్తంలో వందకు తక్కువగా ఉన్న క్రిములు కూడా అనుభవం ఉన్న కంటికి దొరుకుతాయి. కార్డు 100 నుంచి 200 క్రిములైనా ఉంటేనే నమ్మకంగా గీత చూపుతుంది.

అయితే గర్భిణి విషయంలో ఈ లెక్క తారుమారవుతుంది. ఫాల్సిపేరం అనే జాతి మలేరియా క్రిమి సోకిన ఎర్రకణాలు మావిలోని ఒక పదార్థానికి అతుక్కుని అక్కడే పేరుకుపోతాయి కాబట్టి, లోపల క్రిములు కిక్కిరిసి ఉన్నా వేలి నుంచి తీసిన చుక్కలో ఒక్కటీ కనబడకపోవచ్చు. తొలిచూలు స్త్రీలలో ఈ బెడద ఎక్కువ. తల్లికి రక్తహీనత, బిడ్డకు తక్కువ బరువు దీని ఫలితాలే. క్రిములు దాక్కున్నా, అవి విడుదల చేసే హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రోటీన్ తల్లి రక్తంలో తిరుగుతూనే ఉంటుంది, కార్డు పట్టేది దానినే. ప్రతిసారీ పట్టుకుంటుందని కాదు, స్లైడు వదిలేసిన కొన్నింటిని పట్టుకుంటుంది. నా దృష్టిలో తీర్పును నిర్ణయించేది ఇదే. పైగా కార్డు ఫలితం ఇరవై నిమిషాల్లో గడపలోనే తేలుతుంది, స్లైడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి చేరి జవాబు తిరిగి రావాలి.

కార్డుకు లోపాలు లేకపోలేదు. జబ్బు నయమైన తర్వాత కూడా ఆ ప్రోటీన్ వారాల తరబడి రక్తంలో మిగిలి గీత చూపుతుంది కాబట్టి, చికిత్స పనిచేసిందో లేదో తేల్చడానికి కార్డు పనికిరాదు. వైవాక్స్ అనే మరో జాతి మలేరియా క్రిమిని అది వేరే ప్రోటీన్ ద్వారా పడుతుంది, అక్కడ దాని చూపు కాస్త మందం. కాలేయంలో దాగిన వైవాక్స్‌ను తుడిచిపెట్టే ప్రైమాక్విన్‌ను గర్భిణులకు ఇవ్వరు గనుక, జ్వరం తిరగబెట్టే అవకాశం మిగిలే ఉంటుంది. ఆ తర్వాత గమనించడానికి స్లైడే కావాలి.

క్రిమి జన్యు పదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్ష అన్నిటికన్నా సూక్ష్మమైనదే గాని, పరిశోధనశాల దాటి మన గ్రామాల దాకా రాలేదు.

ఒకే వేలిపోటుతో ముందు కార్డు వేసి, అదే రక్తంతో స్లైడు కూడా తీసి పంపడం, కార్డు గీత చూపితే స్లైడు జవాబు కోసం ఆగకుండా ఆ రోజే వైద్యుని సలహాతో చికిత్స మొదలుపెట్టడం నేను సమర్థించే పద్ధతి. కార్డు ఏమీ చూపకపోయినా జ్వరం తగ్గకపోతే మరునాడు మళ్లీ పరీక్షించాలి.