పీఎల్‌సీ అడ్రస్‌లు విడగొట్టడానికి ఐదేళ్లుగా పైథాన్ రెగెక్స్ వాడాక

పాత పీఎల్‌సీ (ఫ్యాక్టరీలో యంత్రాలని నడిపే కంట్రోలర్) తీసేసి కొత్తది పెట్టే ప్రతిసారీ స్కాడాలోని (ఆ యంత్రాలని తెర మీద చూపించే సాఫ్ట్‌వేర్) ట్యాగ్‌లన్నీ, అంటే పీఎల్‌సీలోని ఒక్కో విలువకి పెట్టిన పేర్లన్నీ, కొత్త అడ్రస్‌లకి మార్చాలి. వేలల్లో ఉంటాయి. చేత్తో చేస్తే కళ్లు పోవడం ఒక ఎత్తు, తప్పు ఎక్కడ దొర్లిందో కమిషనింగ్ రోజు (కొత్త వ్యవస్థని మొదలుపెట్టే రోజు) దాకా తెలియకపోవడం ఇంకో ఎత్తు. అందుకే ఐదేళ్ల కిందట రెగెక్స్ (అక్షరాల వరుస ఎలా ఉండాలో చెప్పే ప్యాటర్న్) కోసం పైథాన్‌తో పాటే వచ్చే ‘ఆర్ఈ’ మాడ్యూల్ పట్టుకున్నాను. ఇప్పటికీ దాన్నే వాడుతున్నాను కానీ, అప్పుడు రాసిన స్క్రిప్ట్‌లో ఒక్క లైన్ కూడా ఇప్పుడు మిగల్లేదు.

నిజానికి మొదట రెగెక్స్ కూడా కాదు, ఒక గుర్తు దగ్గర అక్షరాలని ముక్కలు చేసే స్ప్లిట్‌తో మొదలుపెట్టాను. అలెన్-బ్రాడ్లీ కంపెనీ పీఎల్‌సీ ఎస్‌ఎల్‌సీ 500లో ‘ఎన్7:0/3’ అంటే ఇంటీజర్ ఫైల్ 7, వర్డ్ 0, బిట్ 3. కోలన్ దగ్గర ఒకసారి, స్లాష్ దగ్గర ఒకసారి విడగొడితే సరిపోతుంది కదా అనుకున్నాను. తర్వాతి లైన్‌లోనే ‘ఎన్7:0’ వచ్చింది, బిట్ లేదు. ఆ తర్వాత ‘టి4:2.ఏసీసీ’, అంటే టైమర్‌లో లెక్కపెట్టిన విలువ. ‘ఐ:1/0’లో ఫైల్ నంబరే లేదు. ‘బి3/37’లో కోలన్ లేదు, వర్డ్ లేదు, నేరుగా బిట్ నంబర్, వర్డ్‌కి 16 బిట్‌లు కాబట్టి అది నిజానికి ‘బి3:2/5’. లేని ముక్కని అడిగితే వచ్చే ఇండెక్స్ ఎర్రర్‌లు ఆపడానికి ఇఫ్‌ల మీద ఇఫ్‌లు పెట్టుకుంటూ పోయాను, చివరికి నేను రాసింది నాకే అర్థం కాలేదు.

పేర్లు పెట్టిన గ్రూపులతో ప్యాటర్న్ రాశాక ప్రాణం లేచొచ్చింది. ఫైల్, వర్డ్, బిట్ అని ఒక్కో ముక్కకి పేరు, లేకపోయినా పర్లేదనుకున్న ముక్క వెనక ఒక ప్రశ్నార్థకం. రాని ముక్క ‘నన్’గా, అంటే ‘ఏమీ లేదు’గా, వస్తుంది. ఇక్కడే నా జీవితంలో అతి ఖరీదైన లైన్ రాశాను: ‘ఇఫ్ బిట్’. ముందే నంబర్‌గా మార్చేసి ఆ తర్వాత ఇలా అడిగాను. పైథాన్‌కి సున్నా అన్నా ‘నన్’ అన్నా ‘కాదు’ అనే అర్థం, కాబట్టి బిట్ 0 ఉన్న ప్రతి అడ్రస్సూ మొత్తం వర్డ్‌గా మారిపోయింది. టెస్టింగ్‌లో ఆ వర్డ్‌లో ఏ బిట్ ఆన్ అయినా మొదటి అలారం మోగేది. రెండు రోజులు వైరింగ్‌ని అనుమానించాం! ‘ఇఫ్ బిట్ ఈజ్ నాట్ నన్’ అని మార్చాక గానీ ఆ టెన్షన్ వదల్లేదు.

సీమెన్స్ ఎస్7 అడ్రస్‌లు మాత్రం హాయి. ‘డీబీ10.డీబీఎక్స్2.3’ (డేటా బ్లాక్ 10, బైట్ 2, బిట్ 3)లో ఎక్స్ ఉందంటే బిట్ ఉండి తీరాలి, ‘డీబీడబ్ల్యూ4’ అంటే మొత్తం వర్డ్, బిట్ ఉండకూడదు, అక్షరమే చెప్పేస్తుంది. జర్మన్ పద్ధతిలో రాసిన ప్రోగ్రామ్‌లలో ఇన్‌పుట్‌కి ఐ బదులు ఈ, అవుట్‌పుట్‌కి క్యూ బదులు ఏ ఉంటాయి, అంతే.

రెగెక్స్ చేతులెత్తేసేది సంఖ్యల ఆధారం దగ్గర. మిత్సుబిషి ఎఫ్‌ఎక్స్ సిరీస్‌లో ‘ఎక్స్10’ ఆక్టల్ (ఆధారం 8), అంటే మన లెక్కలో 8. క్యూ సిరీస్‌లో అదే ‘ఎక్స్10’ హెక్సా (ఆధారం 16), అంటే 16. అక్షరం కూడా తేడా లేదు, ఏ కంట్రోలరో బయటినుంచి చెప్పాల్సిందే. అలెన్-బ్రాడ్లీ పీఎల్‌సీ-5లోనూ ఇన్‌పుట్, అవుట్‌పుట్ అడ్రస్‌లు ఆక్టల్‌లోనే ఉంటాయి, అక్కడ బిట్ 07 తర్వాత వచ్చేది 10. అన్ని కంపెనీలనీ ఒకే మహా ప్యాటర్న్‌లో ఇరికించాలన్న సరదా నాకూ ఉండేది, ఇది చూశాక పోయింది. ఇప్పుడు పీఎల్‌సీ కుటుంబానికో చిన్న ప్యాటర్న్, పక్కనే దాని ఆధారం 8, 10 లేదా 16.

అసలు శత్రువు స్క్రిప్ట్ కాదు, స్ప్రెడ్‌షీట్. ఆమ్రాన్ పీఎల్‌సీల్లో బిట్ ఎప్పుడూ రెండంకెలే, 00 నుంచి 15 వరకు. ‘100.10’ని స్ప్రెడ్‌షీట్‌లో తెరిచి సేవ్ చేస్తే దశాంశం అనుకుని ‘100.1’ చేసేస్తుంది, బిట్ 10 కాస్తా బిట్ 1 అవుతుంది. నా ప్యాటర్న్‌లో చుక్క తర్వాత కచ్చితంగా రెండంకెలు అడిగాను కాబట్టి దొరికింది, ‘ఒకటో రెండో’ అని ఉదారంగా రాసుంటే చడీచప్పుడు లేకుండా దాటిపోయేది. ఈ ఒక్క కారణానికే ప్యాటర్న్ ఎంత బిగుతుగా ఉంటే నాకంత ఇష్టం.

ప్యాటర్న్ చివర డాలర్ గుర్తు పెడితే మొత్తం సరిపోలినట్టే అనుకునేవాళ్లు జాగ్రత్త, చివర్లో కొత్త లైన్ అక్షరం మిగిలి ఉన్నా అది ఒప్పుకుంటుంది. ‘ఫుల్‌మ్యాచ్’ వాడండి. నేను వాడే స్కాడాలో స్క్రిప్టింగ్ జైథన్ 2.7 (జావా మీద నడిచే పైథాన్), అందులో ఫుల్‌మ్యాచ్ లేదు, అది పైథాన్ 3.4లో వచ్చింది. అక్కడ డాలర్ బదులు బ్యాక్‌స్లాష్ పెట్టి పెద్ద జెడ్.

అలెన్-బ్రాడ్లీ కంట్రోల్‌లాజిక్స్ ట్యాగ్‌లకి మాత్రం ఒక్క ప్యాటర్న్‌తో పని జరగదు. పేరు, బ్రాకెట్‌లో రెండు ఇండెక్స్‌లు, చుక్క, ఇంకో పేరు, మళ్లీ బ్రాకెట్, చివర బిట్... ఎన్ని అంచెలైనా ఉండొచ్చు. గ్రూప్‌ని రిపీట్ చేస్తే చివరిసారి పట్టుకున్నదే మిగులుతుంది, ముందువన్నీ పోతాయి. ‘ఫైండ్‌ఇటర్’తో ముక్క తర్వాత ముక్క తీసుకుంటూ వెళ్తాను, ముక్కల మధ్య ఏమైనా మిగిలిపోయిందా అని స్థానాలు సరిచూస్తాను.

ఐదేళ్ల తర్వాత కూడా నచ్చనిది ఒకటుంది. సరిపోలకపోతే ‘నన్’ అని ఊరుకుంటుంది, ఎక్కడ ఆగిందో చెప్పదు. అందుకే తిరస్కరించిన అడ్రస్‌లన్నీ లైన్ నంబర్‌తో సహా వేరే ఫైల్‌లో రాయిస్తాను. పోయిన ప్రాజెక్టులో ఆ ఫైల్‌లోని ఒక ‘ఎన్7:0/3’ని అరగంట చూశాను, ప్యాటర్న్ కూడా రెండుసార్లు మార్చి చూశాను. తీరా చూస్తే ఎవరో సున్నా బదులు ఇంగ్లీష్ ‘ఓ’ కొట్టారు.